నొప్పి జమాఖర్చు

సూదికి కొంత, స్కానింగుకు కొంత, రాయవేలూరు ప్రయాణానికి కొంత. ఏళ్ళ తరబడి వదలని నొప్పి మీద సీమ ఇళ్ళు విడతలు విడతలుగా పెడుతున్న డబ్బును ఒకచోట కూడితే ఎంత తేలుతుంది? అదే రోగిని డాక్టరు, ఫిజియోథెరపిస్టు, కౌన్సెలరు, నర్సు కలిసి ఒక జట్టుగా చూస్తే ఎంతవుతుంది?

ప్రొద్దుటూరు లెక్కల ఊరు. బంగారు అంగళ్ళలో మిల్లీగ్రాము తేడా వచ్చినా రాత్రి తలుపులు పడవు. బట్టల కొట్లలో ఏ బేలు ఏ ఊరికి అప్పు మీద పోయిందో గుమాస్తాలకు నోటికి వచ్చు. అదే ఊళ్ళో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని, "మీ అమ్మ మోకాళ్ళ నొప్పుల మీద ఈ ఐదేండ్లలో ఎంత పెట్టినారు?" అని అడిగితే మాత్రం జవాబు దొరకడం కష్టం. పెట్టలేదని కాదు. ఒక్కసారిగా పెట్టలేదు గనక లెక్కకు రాలేదు.

నొప్పికి ఇక్కడ కొదవ లేదు. జమ్మలమడుగు చుట్టూ మోరగుడి, దొమ్మర నంద్యాల, వేపరాల నేత ఊళ్ళు. గుంట మగ్గం మీద కూర్చున్న మనిషి కాళ్ళు గుంటలో, చూపు పోగుల మీద, మెడ వంగి, నడుము ముందుకు వాలి గంటలకు గంటలు గడుస్తాయి. ఎర్రగుంట్ల వైపు పోతే నాపరాయి గనులు, పాలిష్ ఫ్యాక్టరీలు. దేశమంతటా కడప బండలుగా అమ్ముడుపోయే ఆ రాయిని ఎత్తి దించేది మనిషి నడుమే. పులివెందుల వైపు అరటి గెలలను తోటలోంచి లారీ దాకా మోసే కూలీలు, చీనీ తోటల్లో వంగి పని చేసే ఆడవాళ్ళు, వేముల, వేల్పుల దిక్కున ముగ్గురాయి గనులు. ప్రొద్దుటూరులో మంట ముందు వంగి కూర్చునే స్వర్ణకారులు. పని మారితే నొప్పి చోటు మారుతుంది, అంతే.

మూడు నెలలు దాటినా తగ్గకుండా ఉండేదాన్ని, లేదా తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ తిరగబెట్టేదాన్ని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. మన దేశంలో 8 నగరాల్లో 5,004 మందిని అడిగి చేసిన ఒక సర్వే 2014లో అచ్చయింది. వాళ్ళలో 13 శాతం మందికి ఇలాంటి నొప్పి ఉందని తేలింది. అది నగరాల లెక్క. మగ్గం, గని, తోటల మీద బతికే ఊళ్ళలో అంతకన్నా తక్కువ ఉంటుందని అనుకోవడానికి కారణం కనిపించదు.

గడప గడపకూ ఒక బిల్లు

ఇలాంటి నొప్పి పట్టిన మనిషి దారి ఎలా సాగుతుందో ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిందే. మొదట ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర సూది. రెండు రోజులు హాయి. మళ్ళీ పట్టుకుంటే మందుల అంగట్లో అడిగి తెచ్చుకున్న బిళ్ళలు. అవి పని చేయకపోతే ప్రొద్దుటూరులో ఎముకల డాక్టరు, ఎక్స్‌రే, బెల్టు. ఆ తర్వాత ఎం.ఆర్.ఐ. మధ్యలో ఎవరో చెబితే పుత్తూరు కట్టు. చివరికి "రాయవేలూరు పోయొచ్చినా" అనే మాట. కడప జిల్లాలో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి ఆ మాటే చిరునామా.

ఒక్కొక్కరూ తమ వంతు చూస్తారు. ఎముకల డాక్టరు ఎముక చూస్తాడు, నరాల డాక్టరు నరం చూస్తాడు, స్కానింగు సెంటరు డిస్కు చూస్తుంది. ఆ మనిషికి రాత్రిళ్ళు నిద్ర ఉందా, మగ్గం ముందు పీట ఎత్తెంత, అప్పు దిగులుందా, ఇంట్లో బిందెలు ఎవరు మోస్తారు అన్నవి ఏ చీటీలోనూ రాయరు. ఒక డాక్టరు రాసిన బిళ్ళ మీద ఇంకో డాక్టరు అదే జాతి బిళ్ళ వేరే పేరుతో రాస్తాడు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలను ఏళ్ళ తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సూదిలో స్టెరాయిడ్ కలిస్తే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పుడు ఆ జబ్బులకు కొత్త బిల్లులు మొదలవుతాయి.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో మలుపు ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం. అన్ని ఆపరేషన్లూ అనవసరం కాదు. కానీ నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి, తెల్లబట్ట అంటూ వెళ్ళిన స్త్రీకి మొదటి జవాబే కత్తి కావడం ఈ రాష్ట్రంలో చాలా ఏళ్ళుగా నలుగుతున్న ఆరోపణ. గర్భసంచి పోయినా వంగి కలుపు తీసే నడుము అలాగే ఉంటుంది. చిన్న వయసులో అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలం ముందుగానే తగ్గుతుంది.

ట్రిప్పయ్యే స్టార్టరు

ఇన్ని గడపలు ఎక్కినా నొప్పి ఎందుకు పోదు? దెబ్బ తగిలినప్పుడు వచ్చే నొప్పి కాపలాదారు. గాయం మానితే అదీ పోవాలి. దీర్ఘకాలిక నొప్పిలో చాలాసార్లు అలా జరగదు. బోరు మోటారు బాగానే ఉన్నా చిన్న తేడాకే ట్రిప్పయ్యే స్టార్టరును రైతులు చూసే ఉంటారు. నరాలు, వెన్నుపాము, మెదడు కలిసి నడిపే హెచ్చరిక వ్యవస్థ కూడా అలాగే అతిగా స్పందించడం నేర్చుకుంటుంది. మోటారు ఎన్నిసార్లు విప్పి బిగించినా లాభం ఉండదు.

వెన్నుపాము దగ్గరే నొప్పి సంకేతాలు తగ్గడమో పెరగడమో జరుగుతుందని, మెదడు నుంచి వచ్చే ఆదేశాలు కూడా దాన్ని మారుస్తాయని రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో ప్రతిపాదించారు. నిద్రలేమి, భయం, కదలకుండా ఉండటం, ఒంటరితనం ఆ సంకేతాన్ని పెంచుతాయి. మెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామం, ధైర్యం, మంచి నిద్ర, పనిలో చిన్న మార్పులు దాన్ని తగ్గిస్తాయి.

ఇక్కడే చాలామంది నొచ్చుకుంటారు. "మనసు డాక్టరు దగ్గరికి పొమ్మంటే, నా నొప్పి అబద్ధమనా?" కానే కాదు. నొప్పి నిజమే. అది ఒంట్లో ఒక్కచోటే పుట్టి ఒక్కచోటే ఉండేది కాదు గనక దాన్ని ఒక్కరే పట్టుకోలేరు. జట్టు అవసరం అక్కడి నుంచే వచ్చింది.

మల్లయోధుడు పిలిచిన పంచాయితీ

ఆ జట్టును మొదట ఊహించినవాడు జాన్ బోనికా. 1917లో ఇటలీలోని ఫిలికూడి అనే చిన్న దీవిలో పుట్టి, అమెరికా చేరి, కుస్తీ పోటీల డబ్బుతో వైద్యం చదివాడు. ఆ కుస్తీలే అతనికి జీవితాంతం కీళ్ళ నొప్పులు మిగిల్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో మాడిగన్ సైనిక ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా ఉన్నప్పుడు, గాయాలు మానినా నొప్పి పోని సైనికులు అతనికి ఎదురయ్యారు. పుస్తకాల్లో జవాబు దొరకలేదు. నరాల డాక్టరును, ఎముకల డాక్టరును, మానసిక వైద్యుణ్ణి ఒకచోట కూర్చోబెట్టి ఒక్కో రోగి గురించి మాట్లాడించడం మొదలుపెట్టాడు. ఎవరికి వాళ్ళు విడివిడిగా చూసినప్పుడు కనబడనిది కలిసి మాట్లాడుకున్నప్పుడు కనబడింది. 1953లో నొప్పి చికిత్స మీద పెద్ద గ్రంథం రాశాడు. తర్వాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జట్టు క్లినిక్ నడిపాడు. అక్కడే మనస్తత్వవేత్త విల్బర్ట్ ఫోర్డైస్, నొప్పి ఉన్నప్పుడు ఆగిపోవడం కాకుండా ముందే నిర్ణయించుకున్న మేరకు కదలడం నేర్పే పద్ధతిని తీర్చిదిద్దాడు.

మన దగ్గర ఇంత ముందుచూపు చూపినది మళ్ళీ రాయవేలూరే. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేసింది. అమెరికాలో పునరావాస వైద్యం నేర్చుకుని తిరిగి వచ్చింది. 1966లో వెల్లూరులో పునరావాస కేంద్రం మొదలైంది. డాక్టరు, ఫిజియోథెరపిస్టు, వృత్తి చికిత్సకుడు, సామాజిక కార్యకర్త ఒకే రోగి గురించి కలిసి ఆలోచించే పద్ధతి సీమకు ఒక రాత్రి ప్రయాణం దూరంలో అప్పటి నుంచే ఉంది.

పౌండ్లలో తేలిన లెక్క

జట్టు అనగానే వచ్చే మొదటి ప్రశ్న, "నలుగురికి ఫీజు ఎవరిస్తారు?" ప్రశ్న సరైనదే. జవాబు వెతికినవాళ్ళు ఉన్నారు.

బ్రిటన్‌లో దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్న 349 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెన్ను ఆపరేషన్. ఇంకో గుంపుకు దాదాపు 75 గంటల శిక్షణ: వ్యాయామం, నొప్పి భయాన్ని ఎదుర్కొనే పాఠాలు. ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. రెండేళ్ళ తర్వాత ఆపరేషన్ గుంపు పనులు చేసుకునే సామర్థ్యంలో కొద్దిగా ముందుంది. ఆ తేడా చాలా స్వల్పం. ఖర్చులో తేడా స్వల్పం కాదు. ఆపరేషన్ గుంపులో ఒక్కొక్కరికి సగటున 7,830 పౌండ్లు. శిక్షణ గుంపులో 4,526.

2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన మన ఊళ్ళకు మరింత దగ్గర. ఇంగ్లండులో ఊరి డాక్టర్ల దగ్గరికి వచ్చే 701 మంది నడుం నొప్పి రోగులపై చేశారు. కొందరికి మామూలు సలహా ఇచ్చారు. మిగతావాళ్ళను గుంపులుగా కూర్చోబెట్టి, నొప్పితో ఎలా నడుచుకోవాలో కొన్ని వారాలు నేర్పారు. ఆరోగ్యంతో గడిపే ఒక సంవత్సరాన్ని అదనంగా సంపాదించడానికి పడిన ఖర్చు 1,786 పౌండ్లు. అలాంటి సంవత్సరానికి 20 నుంచి 30 వేల పౌండ్లయినా పెట్టవచ్చని అక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ అప్పట్లో భావించేది. ఇది అందులో పదో వంతు కూడా కాదు.

అతిగా చెప్పుకోవడమూ మంచిది కాదు. 41 పరిశోధనలు, 6,858 మంది రోగులను కలిపి చూసిన సమీక్ష 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. మామూలు వైద్యం కన్నా జట్టు చికిత్సతో నొప్పి, అశక్తత తగ్గుతాయని చెప్పింది. ఆ తగ్గుదల బ్రహ్మాండమేమీ కాదనీ, సమయం, ఖర్చు ఎక్కువ పట్టే పద్ధతి గనక జీవితం బాగా దెబ్బతిన్న రోగులకే వాడాలనీ హెచ్చరించింది. నడుం పట్టిన ప్రతివాడికీ జట్టు అక్కర్లేదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పి చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది.

ఇప్పుడు మన రూపాయల్లో

పౌండ్లను పక్కనపెట్టి, జమ్మలమడుగు దగ్గర ఒక నేత మనిషిని ఊహించుకుందాం. కింది అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. చదివేవాళ్ళు తమ ఇంటి అంకెలు వేసి చూసుకోవచ్చు.

నెలకు రెండుసార్లు సూది, బిళ్ళలు, విడతకు రూ.300. ఏడాదికి రూ.7,200. ఒక ఎం.ఆర్.ఐ. రూ.6,000. తోడు మనిషితో ఒకసారి వెల్లూరు ప్రయాణం రూ.10,000. నొప్పితో నెలకు నాలుగు రోజులు మగ్గం ఎక్కకపోతే, రోజుకు రూ.500 చొప్పున ఏడాదికి రూ.24,000. మొత్తం రూ.47,200. అందులో సగానికి పైగా ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనబడదు. అది రాని కూలి.

ఇప్పుడు రెండో పుట: జట్టు చికిత్స ఖర్చు. పన్నెండు మంది రోగులు, వారానికి రెండు గంటలు, పది వారాలు. ఫిజియోథెరపిస్టుకు 20 గంటలు, నర్సుకు 20, డాక్టరుకు 10, కౌన్సెలరుకు 10. మొత్తం 60 గంటలు. గంటకు సగటున రూ.400 వేస్తే రూ.24,000. రాతపని, ముందు పరీక్షలు, ఫోన్లకు ఇంకో అంత. రూ.48,000ను పన్నెండు మందికి పంచితే తలకు రూ.4,000. రోగి పది పూటలు పని మానుకుంటే రూ.2,500, బస్సులకు రూ.1,000. అంతా కలిపి రూ.7,500.

ఇంత పెట్టినందుకు నొప్పి పూర్తిగా పోవాలని కూడా లేదు. నెలకు నాలుగు బదులు మూడు రోజులే పని పోయినా ఏడాదికి రూ.6,000 మిగులు. సూదులు సగానికి తగ్గితే రూ.3,600. రెండూ కలిపి రూ.9,600. ఏడాది తిరిగేలోగా పెట్టింది తిరిగి వచ్చి పైన కొంత మిగులుతుంది. నెలకొక్క పనిదినం, ఒక్క సూది: జట్టు గెలవడానికి అంత చాలు. 65 పరిశోధనలను కలిపి 1992లో చేసిన ఒక సమీక్షలో, జట్టు చికిత్స పొందినవాళ్ళు మిగతావాళ్ళకన్నా దాదాపు రెట్టింపు సంఖ్యలో మళ్ళీ పనిలోకి వెళ్ళారని తేలింది. కూలి మీద బతికే ఊళ్ళకు అన్నిటికన్నా విలువైన అంకె అదే.

కత్తికి రేటుంది, మాటకు లేదు

మరి ఇంత లాభసాటి పని ఎందుకు జరగడం లేదు? డబ్బు కట్టే పద్ధతిలో ఉంది చిక్కు.

జమ్మలమడుగుకూ పులివెందులకూ ఆ పద్ధతితో సంబంధం ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి చదువు ముగించుకుని జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో డాక్టరుగా పని చేశారు. లండన్ మిషన్ కాలం నాటి ఆ ఆసుపత్రిని క్యాంప్‌బెల్ ఆసుపత్రి అంటారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టారు. ముఖ్యమంత్రిగా 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ పథకం మొదలుపెట్టారు. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే గతి లక్షల కుటుంబాలకు తప్పింది. ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. ప్రభుత్వాలు మారాయి, పేరు మారింది, అసలు పద్ధతి నిలిచింది. ఒక జబ్బు, ఒక ప్రొసీజరు, ఒక ప్యాకేజీ రేటు. ప్రాణం మీదికి వచ్చిన జబ్బుకు అది సరైన పద్ధతే. పది వారాలు నలుగురు కలిసి కొంచెం కొంచెంగా చేసే పనికి ఆ పద్ధతిలో చోటు దొరకదు. వెన్ను ఆపరేషన్‌కు కోడు, రేటు ఉంటాయి. "ఆపరేషన్ వద్దు, ఇలా నడవండి, ఇలా కూర్చోండి" అని అరగంట చెప్పడానికి ఉండవు.

అమెరికా ఈ తప్పు పెద్ద ఎత్తున చేసింది. బోనికా తర్వాత అక్కడ జట్టు క్లినిక్‌లు వందల సంఖ్యలో వచ్చాయి. ఇన్సూరెన్సు కంపెనీలు వాటికి డబ్బు కట్టడం తగ్గించాయి. ఇంజెక్షన్‌కు, ఆపరేషన్‌కు, బిళ్ళకు కట్టాయి. చాలా క్లినిక్‌లు మూతపడ్డాయి. అదే కాలంలో, 1996లో, పర్డ్యూ ఫార్మా ఆక్సికాంటిన్ అనే నల్లమందు జాతి బిళ్ళను మార్కెట్లోకి తెచ్చింది. అలాంటి బిళ్ళలకు అలవాటుపడి ఆ తర్వాత అక్కడ ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ కంపెనీ 2007లో, మళ్ళీ 2020లో కోర్టులో నేరం ఒప్పుకుంది. మన దేశంలోనూ ట్రమడాల్ అనే నొప్పి మందు దుర్వినియోగం పెరగడంతో 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. జట్టును వద్దనుకున్న చోట ఖాళీ ఖాళీగా ఉండదు. బిళ్ళ వచ్చి కూర్చుంటుంది.

జట్టు కోసం ఆగకూడని నొప్పులు

కింది లక్షణాల్లో ఏ ఒక్కటి ఉన్నా నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి.

• నడుం నొప్పితో పాటు మూత్రం, మల విసర్జన మీద పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం.
• కాలు లేదా చేయి రోజురోజుకూ బలహీనపడటం.
• జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ ఉండటం.
• పెద్ద వయసులో, లేదా చాలాకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ళు పడిన తర్వాత మొదలైన నొప్పి.
• ఛాతీలో మొదలై చేతికో దవడకో పాకే నొప్పి.

మనుషులు ఉన్నారు, బల్ల లేదు

కొత్త భవనం కట్టాలి, కొత్త పోస్టులు వేయాలి అంటే ఈ కథనం ఇక్కడే ఆపేయవచ్చు. అదృష్టం ఏమంటే జట్టులో సగం మంది ఇప్పటికే ప్రభుత్వ జీతం మీద ఉన్నారు. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. వృద్ధుల కోసం 2010-11లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ కార్యక్రమంలో జిల్లా ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ ఒక భాగం. ఊళ్ళలోని హెల్త్ క్లినిక్‌లలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లు, ఏ.ఎన్.ఎం.లు, ఆశా కార్యకర్తలు ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రమంతా మొదలైన ఫ్యామిలీ డాక్టర్ పద్ధతి, 104 వాహనంతో డాక్టరును ఊరికి పంపడం కోసమే. కడప రిమ్స్ ఆవరణలో మానసిక వైద్యశాల ఉంది. మనసు బరువెక్కితే ఇంట్లోంచే మాట్లాడటానికి 2022 నుంచి టెలి మానస్ నంబరు 14416 ఉంది. వీళ్ళందరూ ఒకే రోగిని ఒకే చీటీ మీద చూడటం లేదు. లోటు అదొక్కటే.

ఇలా కలపడం సాధ్యమని కేరళ చూపింది. 1993లో కోళికోడ్ మెడికల్ కాలేజీ దగ్గర డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ మొదలుపెట్టిన పని, క్యాన్సర్ నొప్పి నుంచి మంచానపడ్డ రోగుల దాకా విస్తరించింది. నర్సు ఇంటికి వెళుతుంది, ఊరివాళ్ళు తోడుంటారు, డాక్టరు అవసరమైనప్పుడే వస్తాడు. 2008లో ఆ రాష్ట్రం దాన్ని ప్రభుత్వ విధానం చేసింది. హైదరాబాదులో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి నొప్పి విభాగం కూడా ఆ బాటలోదే. నేత మనిషి నడుం నొప్పి క్యాన్సర్ నొప్పి కాదు. మందులు వేరు, లక్ష్యం వేరు. జట్టు కట్టే తీరు మాత్రం నేర్చుకోదగినది.

జట్టు ఉంటే బయటపడేవి ఇంకా ఉన్నాయి. పులివెందుల ప్రాంతంలో కొన్ని ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని భూగర్భజల పరిశోధనలు చెబుతున్నాయి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. ఆ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు బిగుసుకుంటాయి, వెన్ను వంగదు. ఒంటరిగా కూర్చున్న డాక్టరు దానికి నొప్పి బిళ్ళ రాస్తాడు. ఊరు తెలిసిన ఆశా కార్యకర్త పక్కన ఉంటే "వీళ్ళు ఏ బోరు నీళ్ళు తాగుతున్నారు?" అన్న ప్రశ్న వస్తుంది. నీళ్ళు మారనిదే ఏ బిళ్ళా ఆ కీళ్ళను కాపాడదు.

అందుకే అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట, ఒకే గదిలో డాక్టరు, ఫిజియోథెరపిస్టు, కౌన్సెలరు, నర్సు. జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రుల నుంచి, మూడు నెలలు దాటిన నొప్పితో పని మానుకున్నవాళ్ళను మాత్రమే అక్కడికి పంపాలి. ఒక ఏడాది నడపాలి. రోగి చీటీ మీద ప్రతి నెలా రెండు అంకెలు రాయాలి: ఎన్ని రోజులు పనికి పోయినారు, ఎన్ని సూదులు వేయించుకున్నారు. ఆ అంకెలు మారకపోతే గది మూసేయవచ్చు, పోయేది వారానికి ఒక పూట. మారితే ఎన్టీఆర్ వైద్యసేవను నడిపే ట్రస్టు ముందు పెట్టి, పది వారాల జట్టు చికిత్సకూ ఒక కోడు, ఒక రేటు అడగవచ్చు. నెలకొక పనిదినం తిరిగి సంపాదించి ఇచ్చే చికిత్సకు డబ్బు లేదని చెప్పడానికి అప్పుడు ఏ ప్రభుత్వానికీ వీలుండదు.